కంప తిరగేసిన రోజు

కొండ దిగువన, గెడ్డకు అవతలి ఒడ్డున, ఒక కొత్త దేశం పుట్టింది. కొండల్లోంచి దిగే వాగును ఆ పక్క గెడ్డ అంటారు. ఇవతలి ఒడ్డున ఊరి భూస్వామి బుగతగారి పశువుల సాల ఉండేది. ఓ వానాకాలం సాల గోడ కూలిపోతే ఎద్దులు, గేదెలు, మేకలు, గాడిదలు అన్నీ కలిసి గెడ్డ ఈదుకుంటూ అవతలికి వెళ్ళిపోయాయి. వెళ్ళి, ఒళ్ళు విదిలించుకుని, ఇకమీదట మాకు మేమే దొరలం అనుకున్నాయి. అంతవరకూ బాగానే ఉంది. ఏ దేశమైనా మొదటి రోజు బాగానే ఉంటుంది.

ఆబోతు కొమ్మురాజు ఒడ్డున ఉన్న బండ ఎక్కాడు. ఆయన ఎక్కడం చూసి అందరూ ఆయనే రాజు అనుకున్నారు, ఆయనా అలాగే అనుకున్నాడు. ఈ గడ్డ మీద పెద్దా చిన్నా లేదని, కొమ్మున్నవాడూ కొమ్ము లేనివాడూ ఒకటేనని, అందరూ ఒక్క రేవులోనే నీళ్ళు తాగుతారని గట్టిగా రంకె వేసి చెప్పాడు. అందరికంటే వెనక నిలబడి విన్న గాడిద నూకాలు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. బుగతగారి ఊళ్ళో నూకాలు పుట్టిన దగ్గర్నుంచీ చాకిరేవు కింద బూడిదనీళ్ళే తాగింది. పక్కనే ఉన్న తన అప్ప, తోడబుట్టిన అక్క ఎర్రమ్మను మూతితో పొడిచి, విన్నావా, ఒక్క రేవంట, అంది.

ఆ రోజు అందరూ దాహం మీద ఉన్నారు. తోసుకుంటూ గెడ్డలో దిగారు. బలమున్న ఎద్దులు ఎగువకు పోయాయి, వాటి కింద గేదెలు పొర్లాయి, గేదెల కింద మేకలు, అన్నిటికీ దిగువన గాడిదలు. నూకాలు నోటికి అందినవి గేదెలు పొర్లిన బురదనీళ్ళే. ఒక్క రేవన్నారు కదా అని అడిగితే, ఓ నక్క ముందుకు వచ్చి, ఇది తాత్కాలికమమ్మా, కాస్త సర్దుకోండి, అంది. పేరు నేర్పయ్య. ఈయన సాలలోంచి వచ్చినవాడు కాదు, బుగత కర్ర దెబ్బ తిన్నవాడూ కాదు. కానీ సాయంత్రానికి మంత్రి అయిపోయాడు.

దేశం ఎదగడం మొదలుపెట్టింది.

మొదట సంస్కరణలు వచ్చాయి. ఎద్దుల ముకుతాళ్ళు తెంచారు. గేదెల మెడగుదిబండలు విప్పారు. గాడిదల ముందుకాళ్ళకు ఉండే బందం కూడా విప్పారు, ఆ మాట నిజం, కాదనను. విప్పిన మర్నాడే కంప లాగడానికి పంపారు. దేశానికి కంచె కావాలట. కంచె అంటే తుమ్మకంప, రేగుకంప నరికి చుట్టూ పరచడమే. ఎద్దులెందుకు లాగవని ఎవరో అడిగితే, కొమ్ములు ముళ్ళలో చిక్కుకుంటాయి కదా, కొమ్ములు లేనివాళ్ళు మీరే కదా, ఇది మీకు దక్కిన గౌరవం, అన్నాడు నేర్పయ్య. గాడిదలు గౌరవాన్ని పళ్ళతో పట్టుకుని లాగాయి. పెదాలు చీరుకుపోయి, చిగుళ్ళలో ముళ్ళు విరిగి ఉండిపోయేవి.

కంప వేయడానికి ఒక పద్ధతుంది. మొదలు లోపలికి, కొసలు బయటికి. మొదలు దగ్గర ముళ్ళుండవు కనుక లోపలున్నవాళ్ళు పట్టుకుని జరుపుకోవచ్చు. కొసలన్నీ ముళ్ళే కనుక బయటివాళ్ళు మూతి పెట్టలేరు. ఇందులో రహస్యమేమీ లేదు, మేకపిల్లక్కూడా తెలుసు. ఇక కంచెను జరపాలంటే అంతా కొత్త కంప కొట్టే పని లేదు. ఉన్నదాన్నే ఊడదీసి, ఇంకాస్త దూరం ఈడ్చి, మళ్ళీ పరుస్తారు, చాలకపోతే దగ్గరి చెట్లు నరికి కలుపుతారు. అలా ప్రతి కారుకీ, అంటే ప్రతి పంటకాలానికీ, ఓసారి దేశం పెద్దదయ్యేది.

పెద్దదవడమంటే ఏమిటో కంప లాగినవాళ్ళకు తెలుసు. అవతలున్నది ఖాళీ జాగా అని నేర్పయ్య బండ మీద నుంచి చెప్పేవాడు. నూకాలు ఆ ఖాళీ జాగాలోకి వెళ్ళేసరికి అక్కడ కుందేళ్ళ బొరియలుండేవి, కౌజుపిట్టల గూళ్ళుండేవి. మట్టి ఇంకా వెచ్చగా ఉండేది. ఓ ముసలి కుందేలు, పైడమ్మ అని, ప్రతిసారీ బొరియలోంచి బయటికొచ్చి, కాస్త దూరంలో కూర్చుని, తన గుమ్మం మీద కంప పడటం కళ్ళప్పగించి చూసేది. తర్వాత పిల్లల్ని తోలుకుని ఇంకో చోటికి పోయేది. వచ్చే కారుకు కంచె అక్కడికీ వచ్చేది. నూకాలు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది, నా సేతిలో ఏటుంది పైడమ్మా, ఆల్లు ఎయ్యమన్నారు నాను ఏసినాను, అని. పైడమ్మ చెవులు రిక్కించి ఆ మాట విని, పిల్లల వెనక పోయేది.

ఆ మీదట దేశంలో ఒక కొత్త వస్తువు పుట్టింది. గెంతులు అనే కోతి అడవిలోని అడ్డతీగలు పేని, గాడిద రొమ్ముకు తగిలించే పట్టెడ ఒకటి కట్టాడు. దాని వెనక కంప మొదలు ముడివేస్తే నోటితో పట్టుకోనక్కర్లేదు, రొమ్ముతో లాగొచ్చు. మంచి పనిముట్టు. గెంతులు మీద నాకేమీ కోపం లేదు. తొలిరోజు నూకాలు నోట్లో ముల్లు గుచ్చుకోకుండా ఇంటికొచ్చి, హాయిగా గడ్డి నమిలింది. ఇంతకు ముందు ముగ్గురు లాగేది ఒక్కరే లాగేస్తున్నారు, ఇక మిగతా ఇద్దరం కూర్చోవచ్చు అని అప్పతో అంది. ఎర్రమ్మ నవ్వింది. ఎర్రమ్మ తెలివైంది. మర్నాడు నేర్పయ్య వచ్చి, ఇంతకు ముందు ముగ్గురు లాగేది ఒక్కరే లాగుతున్నారు కనుక కంచె మూడింతలు జరుపుదాం, అన్నాడు. గెంతులుకు పూలదండ వేశారు. గాడిదలకు రొమ్ము మీద వెంట్రుకలు రాలి, తోలు మొద్దుబారింది.

ఎండాకాలం వచ్చింది. గెడ్డ సన్నబడింది. ఎగువ రేవులో మాత్రం చల్లటి నీళ్ళు రాళ్ళ మధ్య గలగలమంటూనే ఉన్నాయి, కొమ్మురాజు అందులో మోకాలి లోతు నిలబడి తోక ఊపుకునేవాడు. దిగువ రేవుకు వచ్చేసరికి ఆ నీళ్ళలో పేడ, మూత్రం, పాచి, అన్నీ కలిసి చిక్కగా కదిలేవి. ఎర్రమ్మ అవే తాగింది. కడుపుబ్బింది. పడుకున్నది లేవలేకపోయింది. నూకాలు ఎగువ రేవుకు పరుగెత్తి, మా అప్పకు ఒక్క గుక్క మంచినీళ్ళు తాగించనివ్వండి, దాన్ని ఇక్కడిదాకా నడిపించుకొస్తాను, అని బతిమాలింది. కొమ్మురాజు తల తిప్పి చూడలేదు. నేర్పయ్య మాత్రం చాలా మర్యాదగా మాట్లాడాడు. ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారని, సభలో పెడదామని, సభ ఇంకా కొద్ది రోజుల్లోనే ఉందని చెప్పాడు.

సభ రోజుకు ఎర్రమ్మ లేదు.

సభలో ఏం చేశారో చెప్తాను వినండి. గాడిద అనే మాటను దేశంలో ఎవరూ తిట్టుగా వాడకూడదని తీర్మానం చేశారు. ఇకమీదట వాళ్ళను కంచె బిడ్డలు అని పిలవాలట. అందరూ కాళ్ళతో నేల తట్టి హర్షించారు. నేర్పయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నూకాలు లేచి నిలబడింది. అప్పను పాతిపెట్టిన మట్టి ఇంకా దాని గిట్టల్లో ఉంది.

"పేరు బాగుంది మంత్రిగారూ. మరి ఎగువ రేవెప్పుడు?"

"అమ్మా నూకాలూ, నీ బాధ మాకు తెలుసు," అన్నాడు నేర్పయ్య. "ఆ విషయమే చెప్పబోతున్నాను. కంచెకు అవతల, ఇసుకదిబ్బ కింద, ఓ చెలమ ఉంది. ఇసుకలో తవ్విన గుంట, అద్దం లాంటి నీళ్ళు. మన దేశం పుట్టినరోజు వస్తోంది కదా, ఆ అవతరణ పండగ లోపల దాన్ని మన కంచెలోకి తెద్దాం. తెచ్చి, పూర్తిగా మీ గాడిదలకే... క్షమించాలి, కంచె బిడ్డలకే ఇచ్చేద్దాం. మీకంటూ వేరే రేవు. ఏ దేశంలోనైనా జరిగిందా ఇలాంటి సంస్కరణ?"

"మొదటి రోజు ఒక్క రేవన్నారు కదా బాబూ."

"అన్నాం. అది ఆశయం. ఇది ఆచరణ."

మళ్ళీ నేల తట్టారు. పక్కనున్న గాడిదలు కూడా తట్టాయి, అదీ నూకాలు చూసింది. వాళ్ళను తప్పు పట్టలేకపోయింది. దాహంతో ఉన్నవాళ్ళకు చెలమ అన్న మాటే చల్లగా వినిపిస్తుంది.

మర్నాడు జాగా చూసి రమ్మని నూకాలునే పంపారు. ఇసుకదిబ్బ దిగి వెళ్ళేసరికి చెలమ పక్కన పైడమ్మ కూర్చుని ఉంది. చుట్టూ కుందేళ్ళు, కౌజులు, ఓ ఉడుము, అందరూ వంతులవారీగా తాగుతున్నారు. గాడిదను చూడగానే చిన్నవన్నీ పొదల్లోకి పోయాయి. పైడమ్మ కదల్లేదు.

"ఇక్కడిక్కూడా వొచ్చినావా," అంది పైడమ్మ.

"వొచ్చినాను. ఇది మాకిస్తారంట."

"మీకా. ఇది ఆల్లదైతే కదే, నీకివ్వడానికి. ఈ గుంట మేం గోళ్ళతో తవ్వుకున్నాం."

నూకాలు అలవాటు కొద్దీ, నా సేతిలో ఏటుంది, అనబోయింది. పైడమ్మ అననివ్వలేదు.

"ఆ మాటొద్దు. ఆ మాట ఇనీ ఇనీ నా సెవులు పెద్దవైపోనాయి. ముందు నీలు తాగు."

"నాకా?"

"నీకే. మూతి చూస్తే తెలుస్తోంది, నువ్వు పుట్టి మంచినీలు ఎరగవు. తాగు. కడుపునిండా తాగి, ఆ తరవాత కంప ఎయ్యి. ఏస్తే తెలిసి ఎయ్యి. తెలీనట్టు మాత్రం ఎయ్యకు."

నూకాలు మూతి దించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, వాసన లేదు, అడుగున ఇసుక కనిపిస్తోంది. ఇవే నీళ్ళు ఎర్రమ్మకు ఒక్క గుక్క దొరికుంటే బతికేది. తాను వరసగా ఇళ్ళు పోగొట్టిన ముసలిది ఈ నీళ్ళు ఇచ్చింది, తన దేశం ఇవ్వలేదు. తాగుతుంటే దుఃఖం వస్తుందనుకుంది నూకాలు, కానీ వచ్చింది కోపం. ఇంత కోపం ఇన్నాళ్ళూ ఎక్కడుందో దానికే తెలియలేదు. బుగత కర్రతో కొట్టినప్పుడు కూడా ఇంత రాలేదు. బుగత ఎప్పుడూ నువ్వూ నేనూ ఒకటే అని చెప్పలేదు మరి.

"పైడమ్మా," అంది తల ఎత్తి, "ఈ కారుకి కంప ఇక్కడికి రాదు."

"ఎవులు సెప్పినారు?"

"కంప లాగేది నేనే కదా. నేనే సెప్తన్నాను."

పైడమ్మ నమ్మినట్టు కనిపించలేదు. నమ్మమని నూకాలు అడగనూ లేదు.

వెనక్కి వచ్చి గాడిదలన్నిటినీ పోగుచేసింది. చాలాసేపు మాటలు నడిచాయి. ఇద్దరు ముగ్గురు భయపడ్డారు, ఇచ్చే చెలమ కూడా పోతుందేమోనన్నారు. నూకాలు వాళ్ళతో వాదించలేదు. ఎర్రమ్మ ఎలా పోయిందో చూశారా అని మాత్రం అడిగింది. అందరూ చూశారు. వాళ్ళ ఇళ్ళలోనూ కడుపుబ్బినవాళ్ళు ఉన్నారు. చివరికి అందరూ పట్టెడలు తగిలించుకున్నారు.

అవతరణ పండగ దగ్గరకొస్తోంది. పాత కంచె ఊడదీసి కొత్తది పరిచే పని మొదలైంది. గాడిదలు పొద్దున్నే బయల్దేరి కంప ఈడ్చి, పరిచి, ఈడ్చి, పరిచి, ఎంత శ్రద్ధగా చేశాయంటే కొమ్మురాజే మెచ్చుకున్నాడు. దూరం నుంచి మెచ్చుకున్నాడు. దగ్గరికి వెళ్ళి చూసుంటే రెండు సంగతులు తెలిసేవి. ఒకటి, కంచె చెలమ దాకా పోలేదు, ఇసుకదిబ్బకు ఇవతలే ఆగిపోయింది. రెండు, కంప తిరగేసి వేశారు. మొదళ్ళు బయటికి, ముళ్ళన్నీ లోపలికి. లోపలున్న ఎవరికైనా కనబడేదే. కానీ గాడిద కంప లాగుతుంటే ఆ వైపు ఎవరు చూస్తారు? పండగకు పాటలు కట్టుకుంటున్నారు. అడవిని ఎలా గెలిచామో, పట్టెడ ఎలా కనిపెట్టామో, ఎవరి సంకెళ్ళు ఎలా తెంచామో, అన్నీ పాటలో ఉన్నాయి. కంప లాగినవాళ్ళ పేరు పల్లవిలో లేదు, చరణంలోనూ లేదు.

ఆ ఏడు వానలు ఇంకా పడలేదు, పండగనాడు ఎండ మండిపోతోంది. అందరూ బండ ముందు చేరారు. గాడిదలు రాలేదేమని ఎవరూ అడగలేదు. అవి గెడ్డ ఒడ్డున పని చేసుకుంటున్నాయి. ఆ పక్క నీళ్ళే సరిహద్దు కనుక ఎప్పుడూ కంచె ఉండేది కాదు. ఇప్పుడు అక్కడా మిగిలిన కంప పరుస్తున్నాయి, రేవుల పొడుగునా, నీళ్ళకూ దేశానికీ మధ్య. ఓ మేక దాహమేసి అటు వచ్చి, ఇదేమిటే, రేవుకు కంపేమిటి, అని అడిగింది.

నూకాలు పట్టెడ సర్దుకుంటూ, "తాత్కాలికమమ్మా. కాస్త సర్దుకోండి," అంది.

మేక తల ఊపి వెళ్ళిపోయింది. ఆ మాట వింటే ఇంకేమీ అడక్కూడదని దేశమంతా నేర్చుకుని ఉంది.

బండ మీద నేర్పయ్య ప్రసంగం సాగుతూనే ఉంది. చిన్న సాలలోంచి వచ్చినవాళ్ళం ఇంతవాళ్ళమయ్యామన్నాడు. కొండ అంచు నుంచి చెలమ దాకా మనదేనన్నాడు. ఈ రోజు నుంచి కంచె బిడ్డలకు సొంత రేవు ఇస్తున్నామని ప్రకటించాడు. ఆ కంచె బిడ్డలు ఆ సమయంలో ఒడ్డున చివరి సందులోంచి బయటికి దూరి, వెనక్కి తిరిగి, ఆ సందులోకి కూడా ముళ్ళు లోపలికి పెట్టి కంప ఈడ్చాయి. దేశం మూసుకుంది. తర్వాత అన్నీ వరసగా నడిచి ఎగువ రేవులో దిగాయి. నూకాలు కళ్ళు మూసుకుని తాగింది.

ప్రసంగం అయ్యేసరికి అందరి నాలుకలూ పిడచగట్టుకుపోయాయి. కొమ్మురాజు ముందు నడిచాడు, వెనక దేశమంతా నడిచింది. రేవు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఎదురుగా ముళ్ళు. ముళ్ళకు అవతల చల్లటి నీళ్ళలో గాడిదలు.

"ఏమిటిది?" అన్నాడు కొమ్మురాజు. "తీయండి."

ఎవరూ కదల్లేదు. ఆయన తల వంచి ఒక్క ఊపున దూకాడు. కొమ్ములు రేగుకంపలో చిక్కుకున్నాయి. లాగితే ఇంకా బిగుసుకున్నాయి. మూతి నిండా ముళ్ళు దిగి, ఎలాగో విడిపించుకుని వెనక్కి వచ్చేసరికి ముఖమంతా రక్తం. కొమ్ములు ముళ్ళలో చిక్కుకుంటాయని నేర్పయ్య ఏనాడో చెప్పాడు. ఒక్కోసారి ఆయన కూడా నిజం చెప్పేవాడు.

నేర్పయ్య ముందుకు వచ్చాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"అమ్మా నూకాలూ. పొరపాటేదో జరిగింది. ఇప్పుడే మీ రేవు ప్రకటించాను. వినలేదా?"

"విన్నాను. మాకు ఏరే రేవొద్దు."

"మరేం కావాలి?"

"మొదటి రోజు బండెక్కి ఏటన్నారో అదే కావాలి. అందరికీ ఒక్క రేవు. కంప లాగడానికి అందరికీ వంతులు. సెలమ కుందేల్లది, అటేపు మనం పోం. ఆల్ల బొరియల మీద పడ్డ కంచె ఎనక్కి లాగాలి."

"ఇవి చిన్న విషయాలు కావమ్మా. అందరం కూర్చుని ఆలోచించాలి."

"ఆలోచించండి. తొందరేటి? అంతదాకా ఆ లోపలే సర్దుకోండి."

గేదెలు గొణిగాయి. మేకపిల్లలు ఏడుపందుకున్నాయి. ఆ ఏడుపు విని నూకాలు ఒక్క అడుగు ముందుకు వేసింది. కానీ ఎర్రమ్మ ఏడ్చినప్పుడు ఈ గుంపులో ఒక్క చెవి కూడా ఇటు తిరగలేదని గుర్తొచ్చి ఆగింది. పిల్లల వరకు తడి నాచు ఉండలుగా చుట్టి కంప మీదుగా విసిరింది. చప్పరించుకోమంది. పెద్దవాళ్ళకు అదీ ఇవ్వలేదు.

నేర్పయ్య కంచె చుట్టూ తిరిగి వచ్చాడు. ఎక్కడా సందు లేదు. సందు ఎలా మూయాలో గాడిదలకు ఆయనే నేర్పించాడు కదా, ఒక్క ఎలుక కూడా దూరకూడదని ప్రతి కారుకీ దగ్గరుండి తిట్టి మరీ చేయించేవాడు. కోతిని చెట్టెక్కి దూకమన్నాడు. కంచె దగ్గర చెట్లన్నీ కంప కోసం ఎప్పుడో నరికించేశారు. గెంతులు చేతులెత్తేసి, నేను కట్టిన పట్టెడలు కూడా ఆల్ల దగ్గిరే ఉన్నాయి మంత్రిగారూ, అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఓ ముసలి గేదె కొమ్మురాజును తోసుకుని ముందుకొచ్చింది. నేర్పయ్యను చూడకుండా నూకాలునే చూస్తూ, "నాకు నోరెండిపోతంది, పిల్లకు పాలు రావట్లేదు. నువ్వడిగింది ఇచ్చేస్తాం. రాజుగారు ఇవ్వకపోతే మేమే ఇస్తాం," అంది. వెనకనుంచి మేకలు అవునన్నాయి. ఎద్దుల్లో కొన్ని కూడా అన్నాయి. ఇక రాజు, మంత్రి ఇద్దరే మిగిలారు. దాహం ముందు ఇద్దరూ ఎక్కువసేపు నిలవలేదు. కొమ్మురాజు తల దించి, సరే, అన్నాడు. అంత చిన్న మాట ఆయన నోట ఎవరూ అంతకు ముందు వినలేదు.

గాడిదలు కంప మొదళ్ళకు పట్టెడలు తగిలించి ఈడ్చాయి. కంచె తెరుచుకుంది. కానీ నూకాలు తెరిపించింది ఎగువ రేవు దగ్గర కాదు. దిగువ రేవు దగ్గర.

"ఇదేమిటి?" అన్నాడు నేర్పయ్య. "ఒక్క రేవన్నావు కదా."

"రేపట్నించి ఎగువనే, అందరం. ఇవాల మాత్రం ఇక్కడ తాగండి. పిల్లల్ని ఎగువకి ఒగ్గేస్తాం, పెద్దోల్లు ఇక్కడే. మా అప్ప ఆకరిసారి తాగింది ఈ మడుగులోనే. ముందు నువ్వు తాగు మంత్రిగారూ."

నేర్పయ్య చుట్టూ చూశాడు. తప్పించుకునే దారి లేదు, వెనక దేశమంతా తోస్తోంది. మూతి పెట్టాడు. పాచి, పేడ, పురుగులు. ఒక గుక్క మింగి డోకాడు. మళ్ళీ దాహం ఆగక మింగాడు. కొమ్మురాజు తాగాడు. గేదెలు తాగాయి, తాము ఏళ్ళ తరబడి పొర్లి కిందికి వదిలినవి తామే తాగాయి.  నూకాలు పక్కనే నిలబడి ఒక్కొక్కరి మొహం చూసింది. దాని కోపం చల్లారిందా అంటే లేదు. ఎర్రమ్మ తిరిగి రాదు కదా.

మర్నాటి నుంచి అందరూ ఎగువ రేవులోనే తాగారు. ఎద్దుల మెడలకూ పట్టెడలు పడ్డాయి, కొమ్ములకు అడ్డతీగ చుట్టుకుంటే ముళ్ళలో చిక్కుకోవని అప్పుడు కనిపెట్టారు. కంచె వెనక్కి జరిగింది. పైడమ్మ పాత బొరియ గుమ్మంలో మట్టి ఎత్తిపోసుకుంటుంటే నూకాలు వెళ్ళి నిలబడింది. ముసలిది మెచ్చుకోలేదు, క్షమించాననీ అనలేదు. మళ్ళీ వొస్తే ముల్లు ఎటు తిప్పాలో ఇప్పుడు మాకూ తెలుసు, అంది. నూకాలుకు ఆ మాట సబబుగానే తోచింది.

నేర్పయ్య ఏమయ్యాడంటారా? కడుపు నొప్పి తగ్గగానే మళ్ళీ బండ ఎక్కాడు. రాజుగారు దయతలచి అందరికీ ఒక్క రేవు ప్రసాదించారని, ఇలాంటి సంస్కరణ ఏ దేశంలోనూ లేదని మొదలుపెట్టాడు. కింద ఎవరూ నేల తట్టలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన చూపు పక్కకు పోయింది. బండకు ఎదురుగా, అందరికీ కనబడేలా, నూకాలు ఒక్క తుమ్మకంపను తీయకుండా ఉంచేసింది. దాని ముళ్ళు ఆయన వైపే తిరిగి ఉన్నాయి. ప్రసంగం అక్కడితో ఆగిపోయింది, ఆయన నోరు మూసుకుని బండ దిగాడు.

కంచె లాగేవాళ్ళ వైపు కన్నెత్తి చూడని దేశానికి, ముళ్ళు ఎటు తిరిగాయో దాహమేశాకే తెలుస్తుంది.